ఎంజీఏ కారు వాటర్ ఎల్బోని ఉప్పునీళ్లు తినేశాయి, స్టెయిన్‌లెస్‌లో చేయించుకోవచ్చా?

ప్రశ్న (నెల్లూరు నుంచి)

అందరికీ నమస్కారం. మా పెదనాన్న వాడిన ఎంజీఏ 1500 అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఇప్పుడు నా దగ్గరుంది, రెండేళ్లుగా సెలవుల్లో కొంచెం కొంచెం బాగు చేసుకుంటున్నాను. మొన్న ఇంజిన్ వేడిని బట్టి నీళ్లను వదిలే థర్మోస్టాట్ మీద కూర్చునే అల్యూమినియం ఎల్బో (నీళ్లు పోయే వంపు గొట్టం) తీద్దామని చూస్తే అది స్టడ్లకు (మరలున్న కడ్డీలకు) అతుక్కుపోయి కదల్లేదు, కొంచెం గట్టిగా లేపేసరికి ఒక చెవి విరిగి చేతిలోకి వచ్చింది. లోపలంతా చెదలు తిన్న చెక్కలా ఉంది. హోస్ ఎక్కే చోటైతే రేకంత మందం కూడా మిగల్లేదు. కింది రెండు హోస్‌ల మధ్య వచ్చే ఇనప పైపు కూడా పొరలు పొరలుగా రాలుతోంది. బయటి దేశం నుంచి తెప్పించినా మళ్లీ అదే అల్యూమినియం, మళ్లీ ఇంతే కదా అనిపిస్తోంది. ఇక్కడ రొయ్యల చెరువులకు పైపులు చేసే ఆర్గాన్ వెల్డింగ్ అన్న ఒకాయన రెండూ స్టెయిన్‌లెస్‌లో చేసిస్తానన్నాడు. చేయించమంటారా? ఇన్నాళ్లూ రేడియేటర్‌లో పోసింది మా బోరు నీళ్లే, అది కూడా చెప్పాలి కదా.

జవాబు (కావలి నుంచి)

తమ్ముడూ, ముందు ఒక మాట. నీ కారుదీ పాత అంబాసిడర్‌దీ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి సిరీస్ ఇంజిన్, రెండూ 1489 సీసీనే. పాత అంబాసిడర్ సామాన్లు అమ్మే చోట ఒక ఎల్బో దొరికితే నీ పాతదాని పక్కన పెట్టి రంధ్రాల మధ్య దూరం, మెడ వంపు, హోస్ సైజు కొలిచి చూసుకో. సరిపోతే సరే, లేకపోయినా ప్యాటర్న్‌కి (పోత అచ్చు తీసే బొమ్మకి) మంచి నమూనా అవుతుంది. ఇంకోటి, ఆ స్టడ్లు ఐదు బై పదహారు అంగుళాల యూఎన్‌ఎఫ్ అనే సన్న మర రకం, అంగుళానికి 24 మరలు. చూడ్డానికి ఎనిమిది ఎంఎం లాగే ఉంటాయి. ఎనిమిది ఎంఎం బోల్టు బలవంతంగా ఎక్కిస్తే ఇంజిన్ హెడ్‌లో మరలు పోతాయి, మా షెడ్‌లో ఒక బండికి అలాగే జరిగి రెండు రోజులు పట్టింది సరిచేయడానికి.

జవాబు (ఒంగోలు నుంచి)

అబ్బాయ్, ముప్పై ఏళ్లుగా లేత్ మీద పని చేస్తున్నాను, పడవల పంపులు, బోరు మోటార్ల సామాన్లు చాలా చేశాను. రెండింటికీ ఒకే లోహం అనుకోవద్దు, ఆ ముక్క దేన్ని ఆనుకుని ఉంటుందో చూసి నిర్ణయించుకో.

పైపు సంగతి తేలిక. అటూ ఇటూ రబ్బరు హోస్‌లే కాబట్టి వేరే లోహం తగలదు. స్టెయిన్‌లెస్‌లో నిక్షేపంగా చేయించుకో, కానీ ఏ గ్రేడ్ అని గట్టిగా అడుగు. గ్రిల్స్‌కి, రెయిలింగ్‌లకి వాడే 202 రకం మన సముద్రపు గాలికే మచ్చలు పడుతుంది, ఇక ఉప్పునీళ్లకు ఏం ఆగుతుంది. అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మొద్దు, 202 కూడా అయస్కాంతానికి అంటదు. 316ఎల్ అడుగు. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకు గుంటలు పడకుండా కాపాడేది అదే. మందం 16 గేజ్ చాలు. వెల్డింగ్ చేసేటప్పుడు పైపు లోపలికి కూడా ఆర్గాన్ వదలమను, లేకపోతే లోపలి వైపు అతుకు నల్లగా గరుకుగా తేలి మళ్లీ అక్కడే తుప్పు మొదలవుతుంది. మామూలు ఇనప బ్రష్‌తో రుద్దనీయకు. హోస్ జారిపోకుండా చివర్లలో చిన్న ఉబ్బు తీయించు. పైపుని ఇంజిన్‌కి పట్టే క్లిప్ ఉంటే మధ్యలో రబ్బరు ముక్క పెట్టు.

ఎల్బో దగ్గరే జాగ్రత్త కావాలి. నీ హెడ్ పోత ఇనుము, రేడియేటర్ ఇత్తడి, రాగి. వాటి మధ్య అల్యూమినియం ఒక్కటే బలహీనమైన లోహం. ఉప్పునీళ్లు కలిపితే బ్యాటరీ తయారైనట్టే, తరిగిపోయేది అల్యూమినియమే. పైగా రేడియేటర్ నుంచి కరిగిన రాగి వచ్చి దాని మీద పేరుకుని గుంటలు పెడుతుంది. నీ స్టడ్లు బిగుసుకుపోయింది కూడా ఇందుకే, తెల్లటి పొడి పెరిగి రంధ్రం నిండా పట్టేస్తుంది. అందుకని నా సలహా, గన్ మెటల్‌లో (రాగి, తగరం కలిసిన కంచు రకం) పోత పోయించు. ఇనుప హెడ్ పెద్దది, గన్ మెటల్ ముక్క చిన్నది, కాబట్టి ఇనుముకు జరిగే నష్టం లెక్కలోకి రానంత తక్కువ. బరువు మాత్రం అల్యూమినియానికి మూడింతలు ఉంటుంది, అంత చిన్న ముక్కకు ఫర్వాలేదు. కారు అసలు రూపం పోకూడదు అనుకుంటే ఎల్‌ఎం6 అల్యూమినియంలో పోయించు, అది సముద్రం దగ్గర వాడే రకం. పాత పిస్టన్లు కరిగించి పోసేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకు, అందులో రాగి కలిసి ఉంటుంది.

పాత ఎల్బోనే ప్యాటర్న్‌గా ఇస్తే ఒక తప్పు జరుగుతుంది. అల్యూమినియం చల్లారితే సుమారు 1.3 శాతం కుదించుకుంటుంది, అరవై ఎంఎం దూరానికి ముప్పాతిక ఎంఎం పైనే తేడా. గన్ మెటల్ కూడా ఇంచుమించు అంతే. తిన్న చోట్ల ఎంసీల్ (గట్టిపడే ఎపాక్సీ ముద్ద) నింపి, చుట్టూ కాస్త మందం పెంచి, కింది ముఖం మీద రెండు మూడు ఎంఎం అదనంగా వదిలి ఇవ్వు. రంధ్రాలు పోతలో వద్దు, కొత్త కొలతలతో డ్రిల్ చేయించు. పాత ఎల్బోలో థర్మోస్టాట్ అంచు కూర్చునే గాడి ఉంటే దాని లోతు ఆ అంచు మందాన్ని బట్టి తీయించు, ఇక్కడ తొందరపడితే తర్వాత ఎన్ని ప్యాకింగ్‌లు మార్చినా కారుతూనే ఉంటుంది.

ప్రశ్న (నెల్లూరు నుంచి)

చాలా థ్యాంక్స్ పెద్దాయనా, వెల్డింగ్ అన్నతో రేపే మాట్లాడతాను. పోతలో సన్న రంధ్రాలు ఉంటే కారుకి ఎక్కించాకే తెలుస్తుందేమోనని టెన్షన్. కూలెంట్ కూడా చెప్పండి, మనకు చలి లేదు కదా, నీళ్లు చాలంటున్నారు మెకానిక్.

జవాబు (ఒంగోలు నుంచి)

ఎక్కించక ముందే తెలుస్తుంది. రెండు వైపులా రబ్బరు బిరడాలు బిగించి, ఒకదానికి ట్యూబ్ వాల్వ్ పెట్టి, సైకిల్ పంపుతో 15 పీఎస్‌ఐ దాకా గాలి కొట్టి బకెట్ నీళ్లలో ముంచు. పది నిమిషాలు ఉంచు, బుడగ రాకూడదు. బిరడా ఎగిరితే దెబ్బ తగులుతుంది, ముఖం దూరంగా పెట్టుకో.

కూలెంట్ చలికే కాదు నాయనా, అందులో తుప్పును ఆపే మందులు ఉంటాయి, నీ కారుకు కావలసింది అవే. డబ్బా మీద రాగికి, ఇత్తడికి, సోల్డర్‌కి పనికొస్తుందని రాసి ఉన్నది తీసుకో, నీ రేడియేటర్ అతుకులన్నీ సోల్డరే. చిక్కటి రకమైతే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలుపు, కలిపి అమ్మే రకమైతే ఇంకేమీ కలపకు. రెండేళ్లకోసారి మార్చు. పోసే ముందు బ్లాక్ పక్కనున్న డ్రెయిన్ ట్యాప్ విప్పి, బురద పోయేదాకా మంచినీళ్లతో కడుగు, అది తుప్పుతో మూసుకుపోయి ఉంటే సన్న తీగతో పొడువు. స్టడ్లు కొత్తవి వేసేటప్పుడు యాంటీ సీజ్ గ్రీజు రాసి వెయ్యి, ఈసారి విప్పేటప్పుడు చెవులు విరగవు.