ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు పాత లైబ్రరీ లోడ్ కాకుండా ఎలా ఆపాలి?

లినక్స్‌లో నా ప్రోగ్రాంను, దానికి కావలసిన లైబ్రరీలను ఒకే ఫోల్డరులో పెట్టి ఇస్తున్నాను. లింక్ చేసేటప్పుడు రన్‌పాత్‌గా (లైబ్రరీల కోసం ఎక్కడ వెతకాలో ఫైలులోనే రాసి ఉంచే దారి) $ఆరిజిన్ (అంటే ఆ ఫైలు ఉన్న ఫోల్డరే) ఇచ్చాను. ప్రోగ్రాం నేరుగా కోరే లైబ్రరీ నా ఫోల్డరు నుంచే వస్తోంది. కానీ ఆ లైబ్రరీకి అవసరమైన మరో లైబ్రరీ మాత్రం సిస్టమ్‌లోని పాత వెర్షన్ నుంచి లోడవుతోంది. లైబ్రరీల వెతుకులాటను చూపించే ఎల్‌డీ డీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 'లిబ్స్' అనే విలువ ఇచ్చి నడిపి చూశాను. రెండో లైబ్రరీ కోసం లోడర్ (లైబ్రరీలను వెతికి మెమరీలోకి తెచ్చేది) నా ఫోల్డరు వైపు తొంగి కూడా చూడలేదు.

రెండు రోజులు దీని మీదే కూర్చుంటే కారణం తెలిసింది. రన్‌పాత్ దాన్ని మోసే ఫైలు నేరుగా కోరే వాటికే వర్తిస్తుంది. దానికి ముందటి రూపమైన పాత ఆర్‌పాత్ అయితే కింది అంచెలకూ పనిచేస్తుంది. అయితే లోడర్ ఆర్‌పాత్‌ను ఎల్‌డీ లైబ్రరీ పాత్ (లైబ్రరీలు ఎక్కడ వెతకాలో వాడేవారు చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) కన్నా ముందే చూస్తుంది కనుక, వాడేవారు తమకు నచ్చిన లైబ్రరీని పెట్టుకొనే వీలు పోతుంది. ఆ స్వేచ్ఛను తీసేయడం నాకు ఇష్టం లేదు. పోనీ ప్రారంభ స్క్రిప్టులో ఎల్‌డీ లైబ్రరీ పాత్ పెడదామంటే, నా ప్రోగ్రాం నడిపే ఇతర ప్రోగ్రాములకూ అది సంక్రమించి వాటిని చెడగొడుతోంది.

ప్యాచెల్ఫ్‌తో (తయారైన ఫైళ్లలోని రన్‌పాత్‌ను మార్చే పనిముట్టు) ప్రతి లైబ్రరీకీ విడివిడిగా రన్‌పాత్ రాయడం సరైన దారేనా? లైబ్రరీలు 40కి పైగా ఉన్నాయి, కొన్నింటికి సోర్సు నా దగ్గర లేదు. లేక ఎల్‌డీ ఆడిట్‌తో (లోడర్ పనిలో మనం రాసిన ఆడిట్ లైబ్రరీ జోక్యం చేసుకొనే వీలు) వెతుకులాటను నేనే మళ్లించాలా? ఆడిట్ లైబ్రరీ రాసిన అనుభవం ఉన్నవారు, ప్రోగ్రాం మొదలవడానికి పట్టే సమయం ఎంత పెరిగిందో దయచేసి చెప్పండి.