సంక్రాంతి కలయిక: గాలి వెదుళ్లకు స్థలం కావాలి, ఈ రాత్రికే తేలాలి

విశాఖ సమన్వయకర్త, జనవరి 4, ఉదయం 8:10
మిత్రులారా, మొన్న పంచుకున్న పనుల జాబితాను కాసేపు పక్కన పెట్టవలసి వస్తోంది. సముద్రపు గాలికి మోగేలా మన శిల్ప విభాగం చెక్కిన వెదుళ్లను ఆర్కే బీచ్ ఇసుకలో నిలపడానికి అనుమతి ఇవ్వలేమని నిన్న సాయంత్రం చెప్పేశారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే కాలం కనుక గుంతలు తవ్వకూడదట, రాత్రి దీపాలు పెట్టకూడదట. దీపాల వెలుగుకు తాబేలు పిల్లలు దారితప్పి సముద్రానికి దూరంగా పోతాయన్నది నిజమే కాబట్టి నేను వాదించలేదు. విదేశాల నుంచి మనవాళ్లు 12వ తేదీకి దిగుతారు.

కోశాధికారి, 8:42
భోజనాలకు తీసుకున్న హాలు వెనుక పచ్చిక ఉంది, అడ్వాన్సు కూడా కట్టేశాం. 24 వెదుళ్లనూ అక్కడే నిలపండి.

శిల్ప విభాగం, 9:15
కోశాధికారి గారూ, ఆ పచ్చిక చుట్టూ ఎనిమిది అడుగుల ప్రహరీ ఉంది. మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది కాబట్టి, మధ్యాహ్నం దాటాక వీచే సముద్రపు గాలిని పట్టుకునేలా ప్రతి వెదురుకూ చీలికను అటువైపే కోశాము. వచ్చినవారు కింది రంధ్రాన్ని అరచేత్తో మూస్తే స్వరం ఒక స్థాయి దిగుతుంది. శిల్పంలో వాళ్ల వంతు అదే. న్యూయార్క్‌లో శిల్పి రిచర్డ్ సెర్రా 1981లో నిలిపిన 120 అడుగుల పొడవైన ఉక్కు గోడను తరలించాలన్నప్పుడు, చోటు మారిస్తే ఆ శిల్పాన్ని నాశనం చేసినట్లేనని ఆయన వాదించారు. చివరికి 1989లో దాన్ని తీసేశారు. గాలి అందని చోట మనవి ఉత్త వెదురు బొంగులే.

కోశాధికారి, 9:31
న్యూయార్క్ సంగతి నాకు తెలియదు. రెండోసారి అద్దె కట్టడానికి సంఘం దగ్గర డబ్బు లేదని మాత్రం తెలుసు. ప్రతిసారీ చివరి వారంలో లెక్క నా నెత్తిన పడుతోంది.

శిల్ప విభాగం, 9:38
మూడు నెలలుగా చేతులు కోసుకుంటూ చెక్కింది గాలి అందని చోట పెట్టి పిల్లల చేత ఊదించడానికి కాదండీ.

సమన్వయకర్త, 9:50
ఇద్దరికీ దండం పెడతాను. ముందు ఒక వెదురును అక్కడికి తీసుకువెళ్లి చూద్దాం.

యువ విభాగం, సాయంత్రం 5:05
నాలుగు గంటలకు పచ్చికలో నిలబెట్టి చూశాము, చిన్న శబ్దం కూడా రాలేదు. అదే వెదురును హాలు మూడో అంతస్తు డాబా మీదికి ఎక్కించగానే, ఇంకా సరిగ్గా నిలబెట్టకముందే, మోగింది. అక్కడి నుంచి ఇళ్ల కప్పుల మీదుగా సముద్రం కనిపిస్తోంది.

కోశాధికారి, 5:20
హాలు యజమానితో మాట్లాడాను. డాబాకు వేరే అద్దె అడగలేదు, కానీ శ్లాబుకు మేకు దిగకూడదన్నారు. పొద్దున మాట తూలాను, శిల్పం మాస్టారు ఏమీ అనుకోవద్దు.

శిల్ప విభాగం, 5:44
తొందరపడింది నేనూనండి. మేకు అవసరం లేదు. వెదుళ్లతోనే చట్రం కట్టి, కాళ్ల దగ్గర ఇసుక బస్తాలు వేద్దాం. ఇనుప తీగ ఉప్పుగాలికి తుప్పు పడుతుంది కనుక కొబ్బరి తాడే వాడదాం. జాలరిపేటలో తెప్పలు కట్టిన తాతగారు ఒకరు ముడి నేర్పడానికి రేపు వస్తానన్నారు. తాడు తడిపి కట్టాలనీ, ఎండితే అదే బిగుసుకుంటుందనీ చెప్పారు.

ఆతిథ్య విభాగం, 6:02
మా అత్తగారిలా మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ల మాటేమిటి?

యువ విభాగం, 6:30
పెద్ద వెదురు పక్క నుంచి పీవీసీ గొట్టాన్ని మెట్ల మధ్యగా కిందికి దించి, ఆ చివర చెవి పెట్టుకుని కూర్చునేలా ఒక కుర్చీ వేస్తాము. గొట్టం ఎవరి ఇంట్లోనైనా మిగిలి ఉంటే రేపు ఉదయం తీసుకురండి, 40 అడుగులు కావాలి.