జబర్దస్త్ స్కిట్లు చూసి నవ్వుకుంటే తప్పేంటండీ?

గోదారిగట్టు: 2013లో మొదలైనప్పటి నుంచీ చాలా ఏళ్లు గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి మా ఇంట్లో ఈటీవీయే. నిన్న యూట్యూబ్‌లో పాత చమ్మక్ చంద్ర స్కిట్ పెట్టుకుని నవ్వుతుంటే మా బావగారు "ఇంకా ఈ బూతులేనా" అని మొహం చిట్లించారు. పది నిమిషాల స్కిట్‌కి ఇంత రాద్ధాంతమా?

కందిపొడి: పిల్లలు పడుకున్నాక చూసుకోండి, గొడవుండదు.

రాధ_హన్మకొండ: తప్పే. డబుల్ మీనింగుల సంగతి వదిలేయండి. ఆ పెళ్లాం జోకులున్నాయే, మా ఆయనకి అవన్నీ కంఠతా వచ్చు. మా చెల్లి పెళ్లి భోజనాల్లో పప్పులో ఉప్పెక్కువైందని ఎవరో అంటే, "మా ఇంటి వంటకి అలవాటు పడ్డవాణ్ణి, నాకిదో లెక్కా" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. నేను విస్తరి మడిచి లేచొచ్చేశాను.

గోదారిగట్టు: అది మీ ఆయన తప్పు, స్కిట్‌ది కాదు. అయినా ఆ స్కిట్లలో చాలాసార్లు దెబ్బలు తినేది మొగుడే. పైగా పెళ్లాం వేషంలో ఉన్నదీ మగవాడే.

రాధ_హన్మకొండ: అదే చెప్తున్నా. ఆడమనిషి లేకుండానే ఆడవాళ్ల మీద జోకులు.

పాతకాపు: మగవాళ్లు ఆడవేషం కట్టడం కొత్తా? సురభి నాటకాల్లో కట్టలేదా? స్టేజీ మీద ఆడవేషాలకి పేరుపడ్డ స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో సత్యభామ వేషం మగవాళ్లే కట్టేవారు.

రాధ_హన్మకొండ: సురభిలో ఆడవేషాలు ఆడవాళ్లే వేసేవారండీ. వాళ్ల గొప్పే అది. ఇక స్థానం వారు చీర కట్టుకుని స్టేజీ మీదకొస్తే ఆడవాళ్లే తేరిపార చూసేవారట. ఇక్కడ చీర కట్టేదే నవ్వించడానికి. రెండూ ఒకటేనా?

పాతకాపు: సురభి పొరపాటే, ఒప్పుకుంటున్నా. మిగతాది?

కందిపొడి: టాపిక్ ఎక్కడికో పోయింది.

గోదారిగట్టు: పోలేదు. రాధగారూ, మీరూ మా బావగారూ ఒకటే. అప్పట్లో జెమినీలో వచ్చిన అమృతం సీరియలైతే క్లాసు, మేం చూసేది బూతు. మా నాన్న పోయాక మా అమ్మ దాదాపు ఏడాది సరిగ్గా మాట్లాడలేదు. ఓ రాత్రి రాకెట్ రాఘవ స్కిట్ వస్తుంటే వంటింటి గుమ్మం దగ్గర గరిట పట్టుకుని నిలబడి పకపకా నవ్వింది. నేను టీవీ సౌండ్ తగ్గించేశాను, ఆ నవ్వు విందామని. దాన్ని పట్టుకుని బూతు అంటే నాకు మండదా?

రాధ_హన్మకొండ: అమ్మగారి నవ్వుని నేనేమీ అనలేదండీ. అసలు నాకూ నవ్వొస్తుంది, నా బాధే అది. హైపర్ ఆది పంచ్ వేస్తే ఆపుకోలేను. అప్పుడు మా ఆయన టీవీ చూడడు, నన్ను చూస్తాడు. ఇది నచ్చింది, దాచుకుందాం అన్నట్టు. వారం తిరక్కుండా చుట్టాల్లో అదే నా మీద పడుతుంది. అక్కడ నేను నవ్వకపోతే, "టీవీలో అయితే నవ్వావుగా" అంటాడు.

గోదారిగట్టు: ... ఆ పెళ్లి పంక్తిలో నేనున్నా నవ్వేవాణ్ణేమో. నిజం చెప్తున్నా.

రాధ_హన్మకొండ: తెలుసు.

పాతకాపు: స్థానం వారి పద్మశ్రీ మాత్రం 1956లోనే. కావాలంటే చూసుకోండి.