పిల్లల్ని కాస్తున్న కొర్రమీనుకి గేలం వేయొచ్చా?

గెడ్డ గట్టు
జూన్ 15, రాత్రి 9:10

నిన్న అర్ధరాత్రితో సముద్రంలో వేట నిషేధం అయిపోయింది. పొద్దున వైజాగ్ హార్బరు నుంచి బోట్లు కదులుతుంటే చూసి, వారం నుంచి మనసులో నలుగుతున్న మాట ఇక్కడ పెడదామనిపించింది.

ఈ ఏడాది మార్చి నుంచి మే మొదటి వారం దాకా డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. మనకి కొర్రమీను మీద ఎంత మోజో అక్కడివాళ్లకి బాస్ చేప మీద అంత మోజు. ఊరికి తూర్పున గంటన్నర దూరంలో లేక్ ఫోర్క్ అని పెద్ద రిజర్వాయరు ఉంది. టెక్సాస్ రాష్ట్ర రికార్డు బాస్ 1992లో అందులోనే పడింది, 18.18 పౌండ్లు, అంటే ఎనిమిది కిలోల పైమాటే. సెలవు దొరికితే చాలు, మావాడు నన్ను అక్కడికే తీసుకెళ్లేవాడు.

చలి తగ్గి నీళ్లు పదహారు డిగ్రీలు దాటేసరికి మగ బాస్ ఒడ్డు పక్కకి వస్తుంది. తోకతో అడుగు ఊడ్చి పళ్లెంలా గుండ్రంగా గూడు చేసుకుంటుంది. ఆడది వచ్చి గుడ్లు పెట్టి తన దారిన పోతుంది, కాపలా అంతా తండ్రిదే. నీళ్ల మీద మెరుపు కొట్టకుండా ఉండే కళ్లద్దాలు పెట్టుకుంటే పడవలోంచే కనబడుతుంది. ఆ గూట్లో ఎర వేస్తే అది ఆకలితో తినదు. చెత్త తీసి అవతల పారేసినట్టు నోటితో పట్టుకుంటుంది. అప్పుడు లాగేస్తారు. నేనూ రెండు లాగాను, అబద్ధం ఎందుకు. కొలిచి, ఫొటో తీసి వదిలేశాం. ఆ చెరువులో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని ఇంటికి తీసుకెళ్లకూడదు, అది అక్కడి రూలు.

ఇక మనూరి సంగతి. మృగశిర వచ్చాక మొదటి ఆదివారం సబ్బవరం వైపు ఒక చెరువుకి వెళ్లాను. (పేరు చెప్పను. చెబితే రేపు తెల్లవారుజామున మీరంతా అక్కడే ఉంటారు.) తామరాకుల మధ్య జానెడు ఖాళీలో నీళ్ల మీద సన్నగా చినుకులు పడుతున్నట్టు కనిపించింది. పైన వాన లేదు. తీరా చూస్తే కొర్రమీను పిల్లలు, అగ్గిపుల్లంత కూడా లేవు, నారింజ రంగులో వందలకొద్దీ. గాలి పీల్చుకోడానికి అన్నీ ఒక్కసారి పైకి వచ్చి మళ్లీ దిగుతున్నాయి. చెయ్యి ఊరుకోదు కదా. గేలానికి ఎరగా కట్టిన రబ్బరు కప్పని ఆ గుంపు మీదుగా లాగాను. రెండోసారికే గుండె ఆగేంత చప్పుడుతో పెద్ద కొర్రమీను కొట్టింది. కిలోన్నర ఉంటుంది.

గేలం తియ్యడానికి రెండు నిమిషాలు పట్టింది. వదిలేశాను. ఈలోగా ఆ చినుకుల చోట పెద్ద పెద్ద బుడగలు లేచాయి. జిలేబీ చేపలు, ఇంకేవో, కింద నుంచి వచ్చి పిల్లల్ని మింగేస్తున్నాయి. కొర్రమీను అటే వెళ్లిందో భయపడి లోపలికే పోయిందో తెలియదు. పావుగంట నిలబడి చూశాను, ఆ చినుకులు మళ్లీ కనబడలేదు.

సముద్రానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సెలవు ఇస్తున్నాం. చెరువులో గేలం వేసేవాళ్లం మనకి మనమే ఆ పాటి కట్టుబాటు పెట్టుకోలేమా? కొర్రమీను పట్టొద్దు అనడం లేదు. పిల్లల మీద ఉన్నదాన్ని పట్టొద్దు అంటున్నాను.

*

రబ్బరు కప్ప
జూన్ 15, రాత్రి 9:42

అంకుల్, మీరు బాధపడటం అర్థమైంది కానీ ఇది మరీ ఎక్కువ. నేను మధురవాడ నుంచి ప్రతి ఆదివారం బండి మీద అరవై కిలోమీటర్లు తిరుగుతాను. నెలకి నాలుగు చేపలు పడితే గొప్ప. అందులో మూడు వదిలేస్తాను. అదే చెరువులో రాత్రి పూట కరెంటు తీగ పెట్టి పిల్లా తల్లీ అన్నీ తేలేలా చేసేవాళ్లు ఉన్నారు. దోమతెరలాంటి వల వేసి వేలెడు పిల్లల్ని కూడా ఊడ్చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లని ఏమీ అనలేక మనలో మనం నియమాలు పెట్టుకుంటున్నాం.

పైగా కొర్రమీను జంటగా కాస్తుంది. ఒకటి రెండు నిమిషాలు పక్కకి వస్తే రెండోది ఉంటుందిగా?

ఇంకో నిజం. పిల్లల గుంపు మీద పడే దెబ్బ లాంటిది ఏడాది మొత్తంలో ఇంకెప్పుడూ దొరకదు. ఎండాకాలమంతా నీళ్లు లాగేసిన గట్ల మీద మాడిపోయి నిలబడేది దాని కోసమే.

*

చేపల పులుసు
జూన్ 15, రాత్రి 10:05

నేను గేలం పట్టను, వండుతాను. మా ఆయన పడతారు కాబట్టి ఈ గ్రూపులో ఉన్నాను.

అన్నయ్యగారూ, మీ ఇద్దరి మాటల్లో నాకు అర్థం కానిది ఒకటే. తినడానికి చేపని పట్టడం ఉంది, మన తాతల కాలం నుంచీ ఉంది. మృగశిర రోజు చేప తినని ఇల్లు మా వీధిలో లేదు. కానీ నోట్లో ఇనుప ముల్లు దింపి, గాల్లోకి లేపి, ఫొటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వేసి "నేను దయగలవాణ్ణి" అనుకోవడం ఏమిటి? అమెరికా వాళ్లు చేస్తే అది పద్ధతి అయిపోతుందా? పిల్లల మీద ఉన్నదా లేనిదా అన్నది తర్వాత, అసలు వదిలేసే చేపని పట్టడం ఎందుకు?

*

డాలస్ చిన్నోడు
జూన్ 15, రాత్రి 10:31

గెడ్డ గట్టు గారి అబ్బాయిని కాదు, ఇంకో డాలస్ చిన్నోణ్ణి. పుట్టింది గాజువాకలో.

చిన్న సవరణ. అమెరికా అంతా టెక్సాస్ లాగ ఉండదు. మాకు బాస్ ఏడాది పొడవునా పట్టొచ్చు. ఉత్తరానికి వెళ్లేకొద్దీ వేసవి చిన్నదైపోతుంది, గూడు పెట్టేది మే, జూన్ నెలల్లో కొద్ది వారాలే. అందుకే సరిహద్దు అవతల కెనడాలోని ఆంటారియోలో చాలాచోట్ల జూన్ మూడో వారం దాటేవరకు బాస్ జోలికి పోకూడదు. దక్షిణాన మాత్రం దశాబ్దాలుగా గూళ్ల మీద పడుతూనే ఉన్నారు, బాస్ తగ్గలేదు. ఒక్కో గూట్లో వేల గుడ్లు. కొన్ని గూళ్లు నిలిచినా చెరువు నిండుతుంది అనేది ఇక్కడ వాదన. గెడ్డ గట్టు గారు ఒక గుంపు పోవడం చూసి చెరువే పోయినట్టు మాట్లాడుతున్నారు.

అసలు నా ఐడియా వేరే. మేఘాద్రిగెడ్డ రిజర్వాయరులో బాస్ పిల్లల్ని తెచ్చి వదిలితే పోలా? కొర్రమీను మీద ఒత్తిడి తగ్గుతుంది, వైజాగ్‌కి టూరిస్టులూ వస్తారు.

*

జీవశాస్త్రం మాష్టారు
జూన్ 16, ఉదయం 6:20

చివరి మాట ముందు తీసుకుంటాను, ఎందుకంటే అది చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

బాబూ, ఆ పని జపాన్ వాళ్లు 1925లో చేశారు. ఆషి సరస్సులో అమెరికా బాస్‌ని వదిలారు. అక్కడి నుంచి దేశమంతా పాకింది, సరదా వేటగాళ్లే సంచుల్లో మోసుకుపోయి వదిలారని చెబుతారు. 2005లో అమల్లోకి వచ్చిన చట్టంతో దాన్ని హాని చేసే పరాయి చేపగా ప్రకటించి, పెంచడం, మోసుకెళ్లడం, వదలడం నిషేధించారు. తమాషా ఏమిటంటే 2009లో ప్రపంచ రికార్డు బాస్ పడింది కూడా జపాన్‌లోని బివా సరస్సులోనే. 1932 నుంచి జార్జియా రాష్ట్రం పేరున ఉన్న 22 పౌండ్ల 4 ఔన్సుల రికార్డుతో సమానంగా నిలిచింది. ఆ బివాలో పట్టిన బాస్‌ని తిరిగి వదలడం నిషేధం! మనకి వచ్చిపడ్డ పరాయి చేపలు జిలేబీ ఒకటి, ఆఫ్రికా క్యాట్‌ఫిష్ ఒకటి చాలవా? మేఘాద్రిగెడ్డ ఊరికి తాగునీళ్లు ఇచ్చే చెరువు అన్నది కూడా గుర్తుంచుకో.

భీమిలి దగ్గర గోస్తనీ మొగలో పడే పండుగప్పని సీ బాస్ అంటారు కదా, అదీ ఇదీ చుట్టాలే అనుకునేవాళ్లు ఉన్నారు. కాదు. పేరు ఒకటే.

ఇక అసలు చర్చ. బాస్‌కి, కొర్రమీనుకి ఒక తేడా ఉంది. బాస్ గుడ్లు అడుగున అంటుకుని ఉంటాయి, కొర్రమీను గుడ్లు నీటి మీద తేలతాయి. పిల్లలు కూడా గాలి కోసం పైకి రాక తప్పదు. అంటే కొర్రమీను తన పిల్లల చిరునామా తనే చూపిస్తుంది, నెల రోజుల దాకా. జంటగా కాస్తాయన్న మాట నిజమే కానీ ఎక్కువ కాపలా మగదానిదే. నువ్వు లాగేది సాధారణంగా దాన్నే.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో రిడ్జ్ లేక్ అని చిన్న చెరువు. గేలానికి తేలిగ్గా పడే బాస్‌లని ఒక పక్క, పడని వాటిని ఒక పక్క పెట్టి, 1970ల నుంచి తరాల తరబడి పెంచి చూశారు. పడే గుణం వంశంలో దిగుతుందని తేలింది. దాని మీదే తర్వాత ఇంకో సంగతి బయటపడింది. తేలిగ్గా పడే వంశంలో మగవే గూడు బాగా కాస్తాయి, పిల్లల్ని ఎక్కువగా నిలబెడతాయి. అంటే గేలం ముందుగా ఎవరిని పడుతుంది? చెరువులో మంచి తండ్రిని. డాలస్ చిన్నోడి లెక్కలో గూళ్లన్నీ ఒకటే. నా లెక్కలో కాదు.

*

రబ్బరు కప్ప
జూన్ 16, ఉదయం 8:15

మాష్టారూ, దండం. ఆ మంచి తండ్రి ముక్క చదివాక టిఫిను సరిగ్గా దిగలేదు.

అయినా ఒకటి అడుగుతాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో నీళ్లు తగ్గి, కొర్రమీనులన్నీ మడుగులో కుప్పపడినప్పుడు పట్టడం తప్పు కాదా? అప్పుడు గుడ్లు కడుపులో తయారవుతుంటాయి. కడుపులో ఉన్నప్పుడు పడితే ఒప్పు, బయటికి వచ్చాక పడితే తప్పా?

*

గెడ్డ గట్టు
జూన్ 16, ఉదయం 9:02

మంచి ప్రశ్నే వేశావు. నా దగ్గర ఉన్న జవాబు ఇది. ఏప్రిల్లో కప్పని కొట్టేది ఆకలితో. అది తప్పించుకోవచ్చు, ఎరని చూసి అనుమానపడొచ్చు, వెనక్కి తగ్గొచ్చు. పిల్లల మీద ఉన్నప్పుడు దానికి తగ్గే దారి లేదు. అందుకే అంత గట్టిగా కొడుతుంది, అందుకే మనకి అంత మజా. ఆ మజా ఎక్కడి నుంచి వస్తోందో తెలిశాక నాకు చెయ్యి ఆడటం లేదు.

చెల్లెమ్మ అడిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. డాలస్‌లో రెండు నెలలు వదిలేస్తూనే పట్టాను, ఎందుకని ఎవరూ అడగలేదు.

*

ఆవ దోనె
జూన్ 16, మధ్యాహ్నం 1:48

మాది కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు పక్క ఊరు. రెండు తాటి బొందెలు కలిపి కట్టిన దోనె మీద మా నాన్న, మా తాత వేటాడారు. ఇప్పుడు నాకు అనకాపల్లిలో చిన్న షాపు ఉంది, అయినా సెలవు రోజు దోనె ఎక్కుతాను.

సముద్రంతో పోల్చారు కాబట్టి చెబుతున్నాను బాబూ. అక్కడ బోటు కట్టేసిన కుటుంబానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఆవలో దోనె కట్టేస్తే మావాళ్లకి ఎవరిస్తారు? జూన్‌లో బతికిన కొర్రమీను బుట్టలో పెట్టుకుని వెళితే అడిగిన ధర పలుకుతుంది. మృగశిర బేరం అది. ఆ నాలుగు రోజులు బడి ఫీజు కట్టే రోజులు కూడా. "పట్టకండి" అనడానికి ముందు ఇది చూడండి. మీరు సరదాకి పట్టేవాళ్లు మీలో మీరు కట్టుబాటు పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు, మంచిదే. అది మా మీదికి రాకుండా చూడండి చాలు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా నాన్నకి పిల్లల గుంపు కనబడితే వల వేసేవాడు కాదు. దయ అనుకోకండి. పక్కన నీళ్లలో ఒక తాటి మట్ట పాతేవాడు. అది చూస్తే ఊళ్లో ఎవరి దోనె అయినా చుట్టు తిరిగి వెళ్లేది. పిల్లలు విడిపోయాక మట్ట పీకేసి, ఆ జంటని ఆయనే పట్టేవాడు. చూసినవాడిదే హక్కు.

*

చేపల పులుసు
జూన్ 16, మధ్యాహ్నం 2:10

ఇది నాకు నచ్చింది. తినడానికే పట్టాడు, పిల్లల్ని తిననిచ్చీ పట్టాడు.

*

డాలస్ చిన్నోడు
జూన్ 16, మధ్యాహ్నం 2:25

బాస్ ఐడియా వెనక్కి తీసుకుంటున్నాను మాష్టారూ. మీరు నిద్రపోండి.

తాటి మట్ట మాత్రం అదిరింది అన్నా. మన గ్రూపులో అందరం ఇదే పెట్టుకోవచ్చు కదా? పిల్లల గుంపు కనబడితే మట్ట పాతడం, నెల్లాళ్లు అటు వెళ్లకపోవడం.

*

గెడ్డ గట్టు
జూన్ 16, సాయంత్రం 5:30

నేను సిద్ధం. ఈ ఆదివారం నుంచే.

*

ఆవ దోనె
జూన్ 16, సాయంత్రం 6:04

పెట్టుకోండి బాబూ, కానీ ఒకటి చూసుకోండి. మా నాన్న రోజుల్లో ఆవ మీద తిరిగేవాళ్లంతా మట్ట చూసి పక్కకి తప్పుకునేవాళ్లే. కొత్తగా వచ్చేవాడికి అది ఇక్కడ కొర్రమీను ఉందని బోర్డు పెట్టినట్టు. పోయిన ఏడు నేనే ఒకచోట పాతాను. రెండో రోజు వెళ్లేసరికి మట్ట ఉంది, దాని చుట్టూ మూడు రబ్బరు కప్పలు తెగి వేలాడుతున్నాయి.

*

రబ్బరు కప్ప
జూన్ 16, సాయంత్రం 6:11

అన్నా, వాటిలో ఆకుపచ్చది ఉంటే నాదే. తెచ్చిస్తావా?