"బాగా కలపండి" అంటే ఎలా కలపాలి? షేకర్ కొనేముందు తేల్చుకోవలసిన క్రియ

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. ఇంట్లో చిన్న బార్ అమర్చుకుంటున్నాను, షేకర్ ఒకటి కొనాలి. కాక్‌టెయిల్ తయారీ గురించి తెలుగులో రాసినవి చదివితే ఎక్కడ చూసినా "ఐసు వేసి బాగా కలపండి" అనే ఉంది. ఒకదానికి చెంచా సరిపోతుందట, ఇంకోదానికి షేకర్ లేకపోతే కుదరదట. మాట మాత్రం రెండింటికీ ఒకటే. షేక్ చెయ్యడానికి సరైన తెలుగు క్రియ ఏది? షేకర్‌కు తెలుగు పేరు పెట్టుకోవచ్చా? పనిలో పనిగా ఎలాంటిది కొనాలో కూడా తెలిసినవాళ్లు చెబితే సంతోషిస్తాను.

జవాబు:

మంచి ప్రశ్న అడిగారండి. క్రియ తేలితే ఏ షేకర్ కొనాలో కూడా సగం తేలిపోతుంది.

'కలుపు' అనే మాట చివరికి ఏమవ్వాలో చెబుతుంది, చెయ్యి ఎలా ఆడాలో చెప్పదు. అన్నంలో పప్పు కలుపుతాం, పాలలో పంచదార కలుపుతాం. చేత్తోనా, చెంచాతోనా అన్నది వినేవాళ్లకు ముందే తెలుసు కాబట్టి వంటింట్లో ఇబ్బంది లేదు. కాక్‌టెయిల్ దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఎలా ఆడిందన్నదాన్ని బట్టే పానీయం మారిపోతుంది. మార్టినీ తీసుకోండి. అందులో జిన్, వెర్మూత్ (మూలికలు వేసిన వైను) తప్ప పళ్లరసం ఉండదు. అది అద్దంలా తేటగా ఉండాలి కాబట్టి పొడుగు చెంచాతో ఐసు చుట్టూ నెమ్మదిగా తిప్పుతారు. నిమ్మరసమో, మీగడో, గుడ్డు తెల్లసొనో పడిందంటే పద్ధతి మారుతుంది. మూసిన పాత్రలో ఐసుతో సహా పైకీ కిందికీ గట్టిగా ఆడించాలి. 12 నుంచి 15 సెకన్లలో గాలి బుడగలు చేరి పానీయం మసకబారుతుంది, పైన సన్నటి నురగ కడుతుంది. ఆల్కహాలు ఉంటుంది కాబట్టి చల్లదనం సున్నా డిగ్రీల దగ్గర ఆగకుండా ఇంకా కిందికి దిగుతుంది. ఐసు కొంత కరిగి నీళ్లు చేరడం కూడా అందులో భాగమే, ఆ నీళ్లు లేకపోతే ఘాటు తగ్గదు.

ఇప్పుడు మన మాటలు చూద్దాం. చెంచా పనికి 'కలియతిప్పు' చక్కగా సరిపోతుంది, దాని మీద ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను. రెండోదానికే పోటీ. 'చిలుకు' అందంగా ఉంటుంది గానీ చిలికితే ఏదో ఒకటి విడివడి పైకి తేలాలి, పెరుగులోంచి వెన్న వచ్చినట్టు. షేకర్లో మనకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం, విడిగా ఉన్నవి ఒకటైపోవాలి. 'గిలక్కొట్టు' ఇంకొంచెం దగ్గరకొస్తుంది, కాకపోతే అందులో ఫోర్కో కవ్వమో లోపలికి దిగుతుంది, గిన్నె కదలదు. 'కదిలించు' మరీ మెత్తన.

నా ఓటు 'కుదుపు'కు. మీగడను మూతసీసాలో పోసి కుదిపి వెన్న తీసే ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడా వెన్న విడివడుతుంది గానీ, 'కుదుపు' అనే మాట చెప్పేది చెయ్యి ఆడే తీరునే. మూత బిగించిన పాత్ర, రెండు చేతులు, లోపల ద్రవం గోడలకు కొట్టుకోవడం, ఇవన్నీ ఆ ఒక్క మాటలోకి వచ్చేస్తాయి.

కుదపాలంటే మూత నమ్మకంగా పట్టాలి, కుదిపాక తేలిగ్గా రావాలి. షేకర్ ఎంపికంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది మూడు ముక్కలది: అడుగున గ్లాసు, దాని మీద చిల్లులున్న మూత, ఆపైన చిన్న టోపీ. దీన్ని కాబ్లర్ అంటారు. 19వ శతాబ్దపు అమెరికాలో షెర్రీ (స్పెయిన్ వైను), పంచదార, పళ్లముక్కలు, ఐసు వేసి చేసే షెర్రీ కాబ్లర్ అనే పానీయం ఉండేది, ఆ పేరే దీనికీ వచ్చింది. 1884లో బ్రూక్లిన్‌కు చెందిన ఎడ్వర్డ్ హాక్ ఈ మూడు ముక్కల పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వడపోత అందులోనే ఉంటుంది కాబట్టి వేరే ఏదీ కొనక్కర్లేదు. లోపమల్లా బిగుసుకుపోవడమే. గదిలో 30 డిగ్రీల దగ్గర ఉన్న గాలి లోపల సున్నాకు దిగిందంటే దాని పరిమాణం సుమారు పదోవంతు తగ్గుతుంది. అప్పుడు బయటి గాలి మూతను లోపలికి నొక్కేస్తుంది. చేతులు తడిగా ఉంటే ఆ చిన్న టోపీని లాగడం కష్టం. పుదీనా వేస్తే చిల్లులు పూడుకుపోతాయి, అదొకటి.

రెండోది బోస్టన్. రెండే గ్లాసులు, ఒకటి సుమారు 830 మి.లీ., రెండోది సుమారు 530 మి.లీ. చిన్నదాన్ని పెద్దదాని మీద బోర్లించి, కాస్త ఏటవాలుగా ఉంచి పైన అరచేత్తో ఒక్క చరుపు చరిస్తే పట్టేస్తుంది. విప్పడానికి బలం అక్కర్లేదు, చోటు తెలిస్తే చాలు. ఒకవైపు రెండు గ్లాసుల అంచులు ఆనుకుని ఉంటాయి, ఎదురువైపు సందు ఉంటుంది. ఆ సందు మొదలయ్యేచోట పెద్ద గ్లాసును పట్టుకుని మణికట్టు దగ్గరి అరచేతితో తట్టండి, వదిలేస్తుంది. దీనికి స్ప్రింగు చుట్టిన హాథార్న్ వడపోత విడిగా కొనాలి. ఒక గ్లాసు గాజుదిగా ఉండే రకం కూడా దొరుకుతుంది, చేజారితే పగులుతుంది కాబట్టి ఇంటికి రెండూ స్టీలువే మేలు.

మీరు ఒకరిద్దరికి చేసుకునేట్టయితే 500 మి.లీ. కాబ్లర్‌తో మొదలుపెట్టవచ్చు. వారం వారం నలుగురు చేరే ఇల్లయితే తిన్నగా బోస్టన్‌కే వెళ్లండి. ఏది కొన్నా కొట్లోనే నీళ్లు పోయించి, మూతపెట్టి కుదిపి చూడండి. చుక్క కారినా వద్దు. ఇంకోమాట, షేకర్లో సోడా పోయకూడదు. గ్యాసు వదిలి మూత ఎగిరిపోతుంది. సోడా ఎప్పుడైనా గ్లాసులోకి వంచాకే.

మరో సభ్యుడు:

అన్నా, మా కరీంనగర్ దిక్కు సీసను 'ఊపు' అంటం గని 'కుదుపు' అనం. కుదుపు అంటె బస్సు గుంతల పడ్డప్పుడు వచ్చేది. అది మనకు అయ్యేది, మనం చేసేది గాదు. 'ఊపు' అని రాస్తె తప్పేంది?

జవాబు:

తప్పేం లేదు తమ్ముడూ. బస్సులో 'కుదుపు' నామవాచకం, అది మనకు జరిగేదే. కానీ క్రియగా అది మనం చేసేది కూడా: భుజం పట్టి కుదిపి లేపాడంటాం, కొమ్మ కుదిపితే కాయలు రాలాయంటాం. 'ఊపు'లో చెయ్యి అటూ ఇటూ పోతుంది, లోపలిదానికి దెబ్బ తగలాలని లేదు. ఊయల ఊపితే పిల్ల నిద్రపోతుంది, కుదిపితే లేస్తుంది. షేకర్లో ఐసు నిద్రపోకూడదు. అయితే మీరన్నట్టు 'గట్టిగ ఊపు' అంటే కరీంనగర్లో ఎవరూ జోలపాటలా ఊపరు. అక్కడివాళ్ల కోసం రాసేటప్పుడు అదే రాయాలి. నా పట్టింపల్లా 'కలపండి' దగ్గరే.

ఇంకొకరు:

షేకర్‌కు 'కుదుపుడు పాత్ర' అని పెడితే ఎలా ఉంటుంది? ఇంకో సందేహం. మా అమ్మమ్మగారి మూత ఉన్న ఇత్తడి పాత్ర ఒకటి ఇంట్లో ఉంది, మూత గట్టిగా పడుతుంది. అందులో చెయ్యొచ్చా?

జవాబు:

పాత్ర సంగతి ముందు చెబుతానమ్మా. లోపల కళాయి నిలిచి ఉంటే తప్ప వద్దు. నిమ్మరసం పుల్లదనానికి ఇత్తడిలోని రాగి కరిగి పానీయంలోకి దిగుతుంది. చింతపండు పులుసు కళాయి పోయిన గిన్నెలో కాచకపోవడానికి కారణం అదే. పైగా పాత పాత్రల అంచుల్లో కిలుము కనబడకుండా ఉండిపోతుంది. ఇప్పుడు రాగి రంగులో అమ్మే షేకర్లలో చాలావాటికి లోపల స్టీలే ఉంటుంది. కొనేముందు మూత తీసి లోపలి రంగు చూడండి, లోపల కూడా ఎర్రగా ఉంటే వదిలేయండి. అమ్మమ్మగారి పాత్రను మాత్రం తోమించి, ఎదురుగా కనబడేచోట పెట్టుకోండి.

పేరు విషయంలో నాది వేరే అభిప్రాయం. వస్తువు పేరు వస్తువుతోపాటే వస్తే రానిద్దాం. సీసా, గ్లాసు అలా వచ్చినవే, వాటిని ఇప్పుడు పరాయివని ఎవరూ అనరు. జపాన్ బార్లలో కాబ్లర్ అంటే ఎంతో ఇష్టం. టోక్యో గింజాలోని బార్‌టెండర్ కజువో ఉయేదా 'హార్డ్ షేక్' అనే తన కుదుపు తీరుతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. వాళ్లు కూడా షేకర్ అనే మాటను తమ ఉచ్చారణలోకి తెచ్చుకుని వాడుకుంటున్నారు, దాన్ని ఆడించడానికి మాత్రం 'ఫురు' అనే సొంత క్రియ ఉంది. మనకూ అదే బాగుంటుందని నా నమ్మకం. పేరు అరువు తెచ్చుకున్నా క్రియ మనదే అయితే వాక్యం తెలుగులోనే నడుస్తుంది. 'షేక్ చెయ్యండి' అని రాసిన మరుక్షణం 'స్టర్ చెయ్యండి', 'స్ట్రెయిన్ చెయ్యండి' వరసకట్టి వస్తాయి, చివరికి మనకు మిగిలేది 'చెయ్యండి' ఒక్కటే.

స్ట్రెయిన్‌కు 'వడగట్టు' అంటాం, అదీ సరైనదే. ఇంకా దగ్గరి మాట ఒకటుంది: 'వార్చు'. మూత అడ్డుపెట్టి గిన్నె వంచితే మెతుకులు లోపలే ఉండి గంజి మాత్రం దిగుతుంది కదా, కాబ్లర్లోనూ ఐసు లోపలే ఉండి పానీయం దిగుతుంది. చెయ్యి వంచే తీరు కూడా అదే.

మొదట అడిగినవారి కోసం డైకిరీ అనే రమ్ము కాక్‌టెయిల్ తయారీ రాసి చూపిస్తాను. క్యూబాలో సాంటియాగో దగ్గరున్న ఒక గని ఊరి పేరు అది. తెల్ల రమ్ము 60 మి.లీ., అప్పుడే పిండిన నిమ్మరసం 25 మి.లీ., పంచదార నీళ్లు 20 మి.లీ. పంచదార, నీళ్లు సమానంగా వేసి కరిగిస్తే చాలు, తీగపాకం రానివ్వకండి, చల్లటి రమ్ములో సరిగా కలవదు. మూడింటినీ షేకర్లో పోసి, పెద్ద ఐసు ముక్కలతో మూడువంతులు నింపి మూత బిగించండి. ఒక చెయ్యి అడుగున, ఇంకోటి టోపీ మీద వేసి, చేతులకు చల్లదనం తగిలి స్టీలు మీద మంచు పొర కనబడేదాకా కుదపండి. గ్లాసును ముందే ఫ్రిజ్‌లో పెట్టి ఉంచుకోండి. టోపీ తీసి, ఐసు దిగకుండా అందులోకి వార్చండి.