ఫ్యాను హోరుకు మైకును తిట్టాలా, దూరాన్ని తిట్టాలా?

సన్నజాజి:
ఇంట్లో అన్నమయ్య కీర్తనలు పాడి రికార్డు చేసుకుంటూ ఉంటాను. విజయవాడలో బందరు రోడ్డు పక్కన, మూడో అంతస్తు. చిన్న చప్పుడునూ పట్టేసే సున్నితమైన రకం, కండెన్సర్ మైకు కొని ఏడాదైంది. నా గొంతు కంటే ముందు ఆటో హారన్లు, ఫ్యాను హోరు, పక్కింటి కుక్కరు కూత వినిపిస్తున్నాయి. ఆ మైకు అమ్మిన దుకాణంవారే ఇప్పుడు "ఇళ్ళకు కండెన్సర్ పనికిరాదు, డైనమిక్ అనే మొరటు రకం మైకు తీసుకోండి, అది బయటి చప్పుడు పట్టదు" అంటున్నారు. నిజమేనా? గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించమని మా తమ్ముడి సలహా. దాని సంగతి కూడా చెప్పండి.

గోదారి గట్టు:
దుకాణంవారు చెప్పింది నిజమే. కండెన్సర్‌తో నాలుగేళ్ళు అవస్థ పడి ఎస్‌ఎం 58 అనే డైనమిక్ మైకుకు మారాను. ఆ రోజు నుంచి మా వీధి కుక్కలు నా పాటల్లో లేవు. 1966లో వచ్చిన మైకు, ఇప్పటికీ వేదికల మీద అదే. చుట్టూ డప్పులు మోగుతున్నా గాయకుడి గొంతునే పట్టుకుంటుంది. అమ్మేయండి ఆ కండెన్సర్‌ను.

మూరెడు దూరం:
గట్టు గారూ, వేదిక మీద గాయకుడి పెదవులకూ మైకుకూ మధ్య ఎంత ఖాళీ ఉంటుంది? దాదాపు ఆనించే పాడతారు. ఘనత మైకుది కాదు, ఆ ఆనించడానిది.

ఇది పాట, ఇది ఆటో అని విడదీసే తెలివి ఏ మైకుకూ లేదు. కండెన్సర్‌లో గొంతూ పెద్దగా వస్తుంది, ఫ్యానూ పెద్దగా వస్తుంది. డైనమిక్‌లో రెండూ చిన్నగా వస్తాయి. గొంతు వినబడాలని గెయిన్ (మైకు పట్టినదాన్ని పెద్దది చేసే మీట) పెంచగానే ఫ్యాను కూడా లేచి కూర్చుంటుంది. రెండూ కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకులై, ఒకే దూరంలో ఉంటే గొంతుకూ చప్పుడుకూ మధ్య తేడా ఇంచుమించు ఒకటే.

తేడా తెచ్చేది దూరం. మూరెడు నుంచి జానెడుకు, అంటే సగం దూరానికి వస్తే, మైకు చేరే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఫ్యాను మాత్రం ఎక్కడిదక్కడే. బెత్తెడుకు వస్తే ఇంకో తొమ్మిది దాకా కలిసొస్తుంది. అంతా కలిపి పైసా ఖర్చు లేదు.

గోదారి గట్టు:
లెక్కకు అడ్డు చెప్పను. కానీ బెత్తెడు దూరంలో కండెన్సర్ పెట్టి "భావములోన" అని ఎత్తుకోండి, ఆ "భ" బాంబులా పేలుతుంది. డైనమిక్ ఆ దగ్గరితనాన్ని ఓర్చుకుంటుంది. మైకు మారిస్తే మనిషి తనంతట తనే దగ్గరికి వస్తాడు. లెక్కలో ఓడినా పనిలో నేనే గెలిచాను.

కచేరీ వెనక వరుస:
మీ ఇద్దరూ కీర్తన పాడే మనిషిని మరిచిపోయారు. మంద్రంలో మైకు మీదికి వంగుతారు, తారస్థాయికి వెళ్ళగానే తల వెనక్కి పోతుంది. బెత్తెడు దూరంలో ఈ మైకులు కింది స్వరాలను ఉబ్బిస్తాయి, కాస్త జరగగానే ఆ ఉబ్బు దిగిపోతుంది. ఒకే చరణంలో ఇద్దరు పాడినట్టుంటుంది. సన్నజాజి గారికి జానెడు చాలు, మధ్యలో ఊపిరి దెబ్బను ఆపే తెర, పాప్ ఫిల్టర్, పెట్టుకోవాలి. పైగా గొంతు మెత్తనిదైతే డైనమిక్‌కు గెయిన్ చివరిదాకా తిప్పాలి. ఎస్‌ఎం7బి లాంటి డైనమిక్ మైకుకు 60 డెసిబెల్స్ దాకా గెయిన్ కావాలి. మైకును కంప్యూటరుకు కలిపే చవక ఇంటర్‌ఫేసు అక్కడ బుసకొడుతుంది. ఫ్యాను పోయి పాము వచ్చినట్టు!

ఇక గది. కార్డియాయిడ్ మైకుకు వీపు వైపు చెవుడు. ఆ వీపును కిటికీ వైపు తిప్పి, మీరు కిటికీకి ఎదురుగా నిలబడండి. బొంతను చాలామంది మైకు వెనక కడతారు. మైకు చూసేది మిమ్మల్నీ, మీ వెనక గోడనూ. కాబట్టి బొంత మీ వీపు వెనక ఉండాలి, గోడకు జానెడు ఎడంగా. గది ప్రతిధ్వని తగ్గుతుంది, హారన్ మాత్రం తగ్గదు. దాన్ని ఆపాలంటే బరువు కావాలి, సందులు మూసుకోవాలి. గుడ్ల అట్టలకు ఆ బరువెక్కడిది? బొద్దింకలకు మాత్రం సుఖం.

మూరెడు దూరం:
సాఫ్ట్‌వేర్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. పాడే ముందు పది సెకన్లు ఊరికే నిలబడి ఖాళీ గదిని రికార్డు చేయండి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆ నమూనా చూసి ఫ్యాను లాంటి ఎడతెగని హోరును తగ్గిస్తుంది. అలా వచ్చి ఇలా పోయే హారన్‌ను పట్టలేదు. మరీ గట్టిగా రుద్దితే "స", "శ" నీళ్ళలోంచి పలికినట్టుంటాయి. ఈ పని కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల తేడాను తగ్గించేది) కంటే ముందే చేయాలి, లేకపోతే చిన్న చప్పుళ్ళన్నీ పైకి తేలుతాయి.

సన్నజాజి:
నిన్న తమ్ముడి దగ్గర డైనమిక్ తెచ్చి రెండు మైకులనూ పక్కపక్కన జానెడు దూరంలో పెట్టాను. గొంతు స్థాయి సమానం చేసి విన్నాను. ఆటో రెండింటిలోనూ ఉంది. డైనమిక్‌లో కాస్త మొద్దుగా ఉంది, అంతే. తెల్లవారుజామున నాలుగున్నరకు ఫ్యాను, ఫ్రిజ్ కట్టేసి, బొంత బీరువా తలుపుల మీద వేసి కండెన్సర్‌తోనే మళ్ళీ పాడాను. చెమటకు చీర తడిసింది గానీ పాట శుభ్రంగా వచ్చింది. ఫ్రిజ్ మళ్ళీ వేయడం మరిచిపోయాను, పాలు విరిగాయి.

గోదారి గట్టు:
ఆ "కాస్త మొద్దుగా" అన్నదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది. ఫ్రిజ్ కట్టేసినప్పుడు బండి తాళాలు దాని లోపల పెట్టండి, బయటికి వెళ్ళేటప్పుడైనా గుర్తొస్తుంది.