ఈ వారం సమస్య: "దొంగచేతఁ జిక్కి దొంగ యయ్యె"

నిర్వాహకుడు:

మిత్రులారా, ఈ వారం ఆటవెలదిలో నాలుగో పాదం ఇస్తున్నాను, మొదటి మూడూ మీరు పూరించాలి.

దొంగచేతఁ జిక్కి దొంగ యయ్యె

చిన్నప్పటి వీధి ఆటలే విషయం కావాలి. దొంగకు చిక్కినవాడు సొమ్ము పోగొట్టుకుంటాడు గానీ తానే దొంగ ఎలా అవుతాడన్నది ఇందులోని చిక్కు. ఆటలు ఆడినవాళ్ళకు జవాబు తెలిసిందే. అయినా మీకు తెలిస్తే చాలదు, పద్యం చదివినవాడికి ఆ మూడు పాదాల్లోనే తెలియాలి. అష్టావధానంలో పృచ్ఛకుడు సమస్య ఇచ్చి కూర్చుంటాడు, అవధాని మొదటి మూడు పాదాలతో దాని విరుపు, అంటే అందులోని మెలిక, విప్పుతాడు. ఇక్కడ మీకు వారం రోజుల వ్యవధి ఉంది కాబట్టి విరుపుతో పాటు కాస్త మట్టి వాసన కూడా అడుగుతున్నాను.

కొత్తవారి కోసం: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు. ప్రాస నియమం లేదు.

తూనీగ:

అంకెలన్ని చెప్పి యటునిటు వెదుకుచు
గోడ వెనుక నున్న కూనఁ దాఁకె;
పట్టువడిన పిల్ల పకపక నవ్వుచు
దొంగచేతఁ జిక్కి దొంగ యయ్యె.

దాగుడుమూతలే రాశాను. సమస్య చూడగానే వేరే ఏదీ తోచలేదు.

పాతపలక:

తూనీగ గారూ, నడక చక్కగా ఉంది. "అంకెలన్ని చెప్పి" అనగానే మోచేతి మడతలో కళ్ళు దాచుకుని లెక్కపెట్టిన సాయంత్రాలు గుర్తుకొచ్చాయి. గట్టిగా అదుముకోవడం వల్ల, లెక్క ముగిసి తల ఎత్తేసరికి వీధి అంతా కాసేపు మసకగా కనిపించేది. ఆ మసకలోనే ఎవరో ఒకరు పక్క నుంచి పరుగెత్తి తప్పించుకునేవారు.

రెండు మాటలు. "తాఁకె" అన్నారు, తాకింది ఎవరో చెప్పలేదు. నాలుగో పాదంలో దొంగ వచ్చాక అర్థమవుతుంది కాబట్టి దీన్ని పెద్ద దోషంగా లెక్కించను. రెండోది ముఖ్యం. "పట్టువడిన" అని మూడో పాదంలో అనేశాక నాలుగో పాదంలోని "చిక్కి"కి పని లేకుండా పోయింది. పునరుక్తి. సమస్యలో ఉన్న మాటను ముందే ఖర్చు పెట్టకూడదు. ఇలా చూడండి:

పాప మట్టి దులిపి పకపక నవ్వుచు

యతి అదే నిలిచింది, చేసే పని ఒకటి కొత్తగా వచ్చింది. గోడ వెనక నక్కి కూర్చున్న పిల్ల లేవగానే చేసే మొదటి పని మట్టి దులుపుకోవడమే కదా.

తూనీగ:

మట్టి దులపడం బాగుంది, తీసుకుంటున్నాను. ఇప్పుడు పద్యంలో పిల్ల కళ్ళకు కనిపిస్తోంది.

పాతపలక:

నా పూరణ. వీధిని కొంచెం వెనక్కి, గోవుల మందల దాకా తీసుకెళ్ళాను.

గోపబాలుఁడట్లు కూడెను వ్యోముండు
దాఁగు నాటలోనఁ దస్కరుఁడయి;
యాటదొంగ తుదకు నా వెన్న ముచ్చిలు
దొంగచేతఁ జిక్కి దొంగ యయ్యె.

భాగవతం దశమస్కంధంలోని వ్యోమాసురుడి కథ ఇది. గోపబాలురు కొండ చరియల మీద పశువులను మేపుతూ, కొందరు గొర్రెలుగా, కొందరు కాపరులుగా, కొందరు దొంగలుగా ఆడుకుంటారు. మయుడి కొడుకైన వ్యోముడు గోపబాలుడి రూపంలో వచ్చి, దొంగ వంతు తీసుకుని, గొర్రెలైన పిల్లలను నిజంగానే ఎత్తుకుపోయి కొండ గుహలో దాచి బండరాయి అడ్డం పెడతాడు. చివరికి నలుగురైదుగురే మిగులుతారు. కృష్ణుడు కనిపెట్టి వాణ్ణి పట్టుకుంటాడు.

నిర్వాహకుడు:

ఈ సమస్యకు ఈ కథ తడుతుందని నేను అనుకోలేదు. ఆటదొంగ వెన్నదొంగకు చిక్కి అసలు దొంగగా తేలాడన్న విరుపు గట్టిది. "కూడెను వ్యోముండు" దగ్గర కొత్తవారికి అనుమానం రావచ్చు. "వ్యో" సంయుక్తాక్షరమే అయినా "కూడెను" విడిగా నిలిచిన తెలుగు క్రియ, రెండూ కలిసి సమాసం కాలేదు. అందుకని "ను" లఘువుగానే ఉంటుంది, గణం చెడదు.

ఒక్కచోట మాత్రం తడబడ్డాను. "తుదకు నా వెన్న" చదివితే "నాయొక్క వెన్న" అని వినిపిస్తోంది. "తుదకు నల వెన్న ముచ్చిలు" అంటే ఆ అనుమానం పోతుంది, యతికీ ఇబ్బంది లేదు.

ఇంకో సంగతి. రెండో దొంగ "నిజమైన దొంగ" అని పాఠకుడే ఊహించుకోవాలి. కథ తెలిసినవాడు ఊహిస్తాడు, తెలియనివాడికి కింద మీరు రాసిన వివరణ కావాల్సి వస్తోంది. అదొక్కటే వెలితి.

వానచినుకు:

పద్యం రాయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. నాలుగు స్తంభాలాట మీద ప్రయత్నించాను. దయచేసి సరిచూడండి.

నాల్గు కంబములకు నడుమ నిల్చినవాఁడు
పరుగుపెట్టి పట్టెఁ గంబ మొకటి;
చోటు దొరకనట్టి చురుకైన పిల్లఁడు
దొంగచేతఁ జిక్కి దొంగ యయ్యె.

పాతపలక:

మొదటి పాదం నిర్దోషం. "నడుమ నిల్చినవాఁడు" దగ్గర గణాలు విరిగిన తీరు అనుభవజ్ఞుల పద్యంలా ఉంది. రెండో పాదంలో యతి తప్పింది. "ప"కు "గం" కుదరదు. ఆ పాదాన్ని కొంచెం కదిపితే చాలు: "పరుగుపెట్టి యొకటి పట్టుకొనఁగ".

నిర్వాహకుడు:

యతి కన్నా పెద్ద చిక్కు ఆటలోనే ఉంది వానచినుకు గారూ. నాలుగు స్తంభాలాటలో దొంగ ఎవరినీ పట్టుకోడు. స్తంభాల దగ్గరున్నవాళ్ళు చోట్లు మార్చుకునేటప్పుడు ఖాళీ అయిన స్తంభాన్ని పట్టుకుంటాడు. మనిషి చిక్కడు, చోటు చిక్కుతుంది. మీ పద్యంలో పిల్లవాడు దొంగకు చిక్కాడన్నారు, ఆడినవాళ్ళెవరూ ఒప్పుకోరు. పైగా చురుకైనవాడికి చోటు ఎందుకు దొరకలేదు? అక్కడ "చురుకైన" యతి కోసం వచ్చిన మాట.

కానీ చిక్కు ఉన్నచోటే దారి కూడా ఉంది. చోటునే చిక్కనివ్వండి.

వానచినుకు:

అయితే ఇలా:

నాల్గు కంబములకు నడుమ నిల్చినవాఁడు
పరుగుపెట్టి యొకటి పట్టుకొనఁగ,
నాదమఱచి యున్న యాతఁడు తన చోటు
దొంగచేతఁ జిక్కి దొంగ యయ్యె.

చిక్కింది చోటు, దొంగ అయింది మనిషి. కర్తలు వేరు వేరు కావడం తప్పు కాదు కదా?

పాతపలక:

తప్పు కాదు. "వాన కురిసి చెరువు నిండింది" అని రోజూ అంటూనే ఉన్నాం. కురిసింది వాన, నిండింది చెరువు. ఇప్పుడు మీ పద్యంలో ఆట నియమం, వ్యాకరణం, విరుపు మూడూ ఒకేచోట కలిశాయి. సమస్యను ఇంత కొత్తగా విరవడం ఈ వారం ఇదే మొదలు.

ఎఱ్ఱమట్టి:

ఒక ఆటతో ఆగబుద్ధి కాలేదు. సీసపద్యం రాసి, సమస్యను దాని కింద వచ్చే ఎత్తుగీతిలో ఇమిడ్చాను.

సాయంత్ర మగునంత సందడి సందులో
బడిసంచి విసరిన పరుగు సడియె;
గోలీల గుంటకై కూర్చుండి కొలతలు
బెత్తెఁడో జేనయో పెద్ద గొడవ;
బిళ్ళ గాలికి లేచి పెరటిలోఁ బడు వేళ
మెల్లఁగా జాఱెడి మేటి జట్టు;
చీఁకటి పడుదాఁకఁ జేరరు లోనికి
ఇంకొక్క యాటయె యెపుడుఁ బలుకు;

కోప మెంత సేపు? గోడచాటున నిన్న
జట్టు విడిచినట్టి చంటి నేఁడు
చేయి తగిలినంతఁ జెలిమిఁ జేరఁగ వచ్చి
దొంగచేతఁ జిక్కి దొంగ యయ్యె.

తూనీగ:

"బెత్తెఁడో జేనయో పెద్ద గొడవ" చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. గుంటలో బొటనవేలు ఆనించి, చేయి చాచి జేన కొలిచేటప్పుడు వేళ్ళను ఎంత సాగదీసేవాళ్ళమో! "వేలు జరిపావు, తొండి" అని అవతలివాడు నేల మీదికి వంగి కళ్ళు చిట్లించి చూసేవాడు. ఆ గొడవ తీర్చడానికి వచ్చిన మూడోవాడి చేయి మా ఇద్దరి చేతుల కన్నా పెద్దది. వాడి జేనతో గొడవ మళ్ళీ మొదటికొచ్చేది.

నిర్వాహకుడు:

జేన గొడవ ఉన్న రెండో పాదానికి నా ఓటు కూడా. మూడో పాదంలో "మేటి జట్టు" నాకు నచ్చలేదు. బిళ్ళ ఎవరి పెరట్లోనో పడితే జారుకునే జట్టు మేటి ఎలా అవుతుంది? "మెల్లఁగ మెల్లఁగ మేము మాయ" అంటే పిల్లల గొంతు వినిపిస్తుంది, యతి కూడా చక్కగా పడుతుంది.

సీస పాదాలన్నీ ఒక్కో ఆటకు ఒక్కో కిటికీ తెరిచాయి, బాగుంది. గీతికి వచ్చేసరికి విషయం కోపం మీదికి మళ్ళింది. మొదట ఈ మలుపు ఎబ్బెట్టుగా అనిపించింది, మళ్ళీ చదివితే కాదనిపించింది. జేన కొలత దగ్గర మొదలైన గొడవే గీతిలో తీరింది. నిన్న మాట్లాడనన్నవాడు ఈరోజు చేయి తగలగానే వంతు ఒప్పుకున్నాడంటే, రాజీ కుదిరినట్టే. క్షమాపణ మాటలతో పిల్లలకు పని లేదు, వంతు తీసుకుంటే చాలు.

మేడమెట్లు:

తాత కఱ్ఱ వదలి తడఁబడు నడకతోఁ
జిన్నవారితోడఁ జేరి యాడి,
మనుమరాలి వేలు మైఁ దాఁకినంతనె
దొంగచేతఁ జిక్కి దొంగ యయ్యె.

వానచినుకు:

ఎంత హాయిగా ఉందో! ఇందులో దొంగ మనుమరాలు. తాత కావాలనే అందాడా, పరుగెత్తలేక అందాడా?

మేడమెట్లు:

చెప్పకూడదనే రాయలేదు. ఆ పిల్లకు తాతను గెలిచానన్న ఆనందం పూర్తిగా దక్కాలి.

పాతపలక:

"తడఁబడు నడక" అనడం వల్ల రెండు అర్థాలకూ చోటు మిగిలింది. నాకు ఇందులో సవరించడానికి ఏమీ కనిపించలేదు. "చేరి యాడి" కొంచెం మెతకగా ఉందనిపించినా, దాన్ని బిగిస్తే తాత నడక వేగం పెరుగుతుందేమో. అలాగే ఉండనివ్వండి.

చిగురు:

అరటిపండ వనుచు నాటలోఁ బెట్టిన
పెద్ద దయ్యె నేఁడు పిన్న చెల్లి;
లెక్కలోకి వచ్చి, లేడియై పరుగెత్తి
దొంగచేతఁ జిక్కి దొంగ యయ్యె.

ఆటలో అరటిపండును ఎన్ని సార్లు ముట్టుకున్నా అది దొంగ కాదు. నేను ఇంటికి చివరి బిడ్డను. నన్ను అందరూ ఆడనిచ్చేవారు, ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. పంటలు వేసేటప్పుడు నా చేయి కూడా మధ్యలో పెట్టేదాన్ని, అరచేయి పైకి తిప్పినా కిందికి తిప్పినా ఎవరూ చూసేవారు కాదు. ఒకరోజు అక్క వీపు మీద చరిచి "నువ్వే దొంగ" అంది. ఇంట్లోకి పరుగెత్తి అమ్మకు చెప్పాను, "నేను దొంగనయ్యాను" అని.

నిర్వాహకుడు:

చిగురు గారూ, ఛందస్సు సంగతి ముందు ముగిస్తాను. "ఆటలోఁ బెట్టిన" అన్న విశేషణం "పిన్న చెల్లి" దాకా వెళ్ళి అతకాలి, నడుమ "పెద్ద దయ్యె నేఁడు" అడ్డం వచ్చింది. దూరాన్వయం. మాటలు అటూ ఇటూ మార్చండి:

పిన్న చెల్లి నేఁడు పెద్ద దయ్యె

పి, పె తలకిందులైనా యతి చెడలేదు. అన్వయం మాత్రం తిన్నగా వచ్చింది. తక్కినదంతా యథాతథంగా ఉంచండి.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చిన పూరణలన్నీ "చిక్కినా దొంగ ఎలా అయ్యాడు" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాయి. ఈ పద్యం ఆ ప్రశ్ననే తిరగేసింది. దొంగ కావడం నష్టమని మనమందరం అనుకుని రాశాం. లెక్కలో లేని పిల్లకు అది దక్కిన హోదా. "లెక్కలోకి వచ్చి" అన్న మూడో పాదమే పద్యానికి ప్రాణం. దాగుడుమూతల్లో లెక్కపెట్టే లెక్క, పిల్లను మనిషిగా ఎంచే లెక్క రెండూ అక్కడే ఉన్నాయి.

తూనీగ:

నేను మా తమ్ముణ్ణి ఎన్నేళ్ళు అరటిపండుగా ఉంచానో ఇప్పుడు తలుచుకుంటే మనసు చివుక్కుమంటోంది. ఈ పద్యం వాడికి పంపిస్తున్నాను.

పాతపలక:

నా పూరణలో పురాణం ఉంది, చిగురు గారి పూరణలో ఆట ఉంది. ఈ వారం మొదటి స్థానం ఈ పద్యానిదే.

ఎఱ్ఱమట్టి:

నేనూ అంగీకరిస్తున్నాను. "లేడియై" ఒక్కటే వాడుకలో అరిగిన పోలిక. అయినా అరటిపండు పిల్ల మొదటిసారి తన కోసం తాను పరుగెత్తినప్పుడు అలాగే పరుగెత్తి ఉంటుంది, కాబట్టి పట్టుబట్టను.

నిర్వాహకుడు:

మొదటి స్థానం చిగురు గారికి, విరుపులోని కొత్తదనానికి వానచినుకు గారి సవరించిన పద్యానికి రెండోది. మేడమెట్లు గారి తాతకు మూడో స్థానం ఇస్తున్నాను, ఆయనకు పట్టింపు ఉండదని నమ్మకం.

వచ్చే వారానికి ఇదీ ఆటవెలదిలోనే:

చచ్చి లేచివచ్చి జట్టుఁ జేరె

ఏ ఆటో అందరికీ తెలిసిపోయే ఉంటుంది. అవతలి జట్టులో ఒకడు పడితే ఇవతల చచ్చినవాడు వరుస ప్రకారం బ్రతికి వస్తాడు. అందుకే ఒక షరతు పెడుతున్నాను. ఆట పేరు పద్యంలో ఎక్కడా రాకూడదు. గీత, ఊపిరి, కూత, పట్టు, వీటిలో దేనితోనైనా చదివేవాడికి తెలియజేయండి.